ఉక్కపోతలో ఊసరవెల్లి: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఒకటి తప్ప అన్నీ యెమెన్ ఊసరవెల్లి గురించే. తల మీద ఎత్తుగా కిరీటం లేచి ఉండే జాతి ఇది. యెమెన్, నైరుతి సౌదీ అరేబియా దీని సొంత నేల. అక్కడి కొండవాలుల్లో పగలు ఎంత ఎండ కాసినా రాత్రికి చల్లబడుతుంది, గాలి ఆడుతుంది. మన దగ్గర రోహిణి కార్తెలో అర్ధరాత్రి కూడా ఉక్కపోతే. చలి దేశాల వాళ్ళ పుస్తకాల్లోనూ వీడియోల్లోనూ 'వేడి పెంచండి, తేమ పెంచండి' అని ఉంటుంది. గోదావరి డెల్టాలో దాన్ని అక్షరాలా పాటిస్తే ఆ జీవి ఊపిరితిత్తులు పాడవుతాయి. కింది జవాబులు ఇక్కడి గాలీ నీరూ చూసుకుని రాసినవి.

ప్రశ్న: రెండు వారాల క్రితం నాలుగు నెలల ఊసరవెల్లి పిల్లను తెచ్చుకున్నామండి. ఎప్పుడు చూసినా నల్లగా, ఆకుల వెనక నక్కి ఉంటోంది. చెయ్యి పెడితే నోరు తెరిచి బుస కొడుతోంది. తిండి అంతంతమాత్రం. పక్కన ఎర్ర గుడ్డ పెట్టినా రంగు మారలేదు. జబ్బు చేసిందంటారా? (భీమవరం)

జవాబు: ముందు ఆ ఎర్ర గుడ్డ తీసెయ్యండి. ఊసరవెల్లి పక్కనున్న వస్తువును చూసి ఆ రంగులోకి మారదు. దాని ఒంటి వేడి, వెలుతురు, భయం, కోపం, జత కోరిక, ఇవి రంగును మారుస్తాయి. చర్మంలోని కొన్ని కణాల్లో గ్వానిన్ అనే పదార్థపు అతి సూక్ష్మ స్ఫటికాలు వరసలుగా ఉంటాయి. వాటి మధ్య దూరం పెరిగినా తగ్గినా చర్మం వెనక్కి పంపే వెలుగు రంగు మారుతుంది. పాంథర్ అనే మరో జాతి ఊసరవెల్లి మీద జెనీవా విశ్వవిద్యాలయం పరిశోధకులు 2015లో ఈ సంగతి చూపించారు.

కాబట్టి నల్లబడటాన్ని వేళను బట్టి చదవాలి. తెల్లవారాక వెలుతురు వైపు ఒళ్ళు చదునుగా తిప్పి, ఆ పక్క మాత్రమే నల్లగా పెడితే ఎండ కాచుకుంటోందన్నమాట. అరగంటలో పచ్చబడుతుంది. మధ్యాహ్నం కూడా నల్లగా, ఒళ్ళు బిగించుకుని కొమ్మ వెనక్కి జరుగుతుంటే అది భయం. రాత్రి నిద్రలో లేత ఆకుపచ్చగా పాలిపోయి, తోక చుట్టుకుని పడుకుంటే ఆరోగ్యం బాగున్నట్టే. నిద్రలో కూడా ముదురు రంగు వదలకపోతేనో, పగటిపూట కళ్ళు మూసుకుని కూర్చుంటేనో ఆలస్యం చెయ్యకూడదు. పగలు కళ్ళు మూసుకునే ఊసరవెల్లి దాదాపు ఎప్పుడూ జబ్బుతో ఉన్నదే.

మీరు చెప్పినవి చాలావరకు భయం గుర్తులే. కొత్త ఇంట్లో కుదురుకోవడానికి మూడు, నాలుగు వారాలు పడుతుంది. బోనును నేల మీద పెట్టకండి. దాని పై కొమ్మ నిలబడ్డ మనిషి కళ్ళకంటే ఎత్తులో ఉండాలి. తన కంటే ఎత్తు నుంచి వచ్చేదేదైనా దానికి గద్దతో సమానం. బోనుకు మూడు పక్కల గుడ్డో అట్టో కట్టి, ముందువైపు మాత్రం వదలండి. టీవీ, అద్దం, జనం నడిచే దారి దూరంగా ఉండాలి. అద్దంలో తన బొమ్మ చూసుకుని రోజంతా కోపంతో ఉడికిపోతుంది. ఈ నెలంతా చేత్తో పట్టుకోవద్దు. తప్పనిసరైతే పైనుంచి కాకుండా కింది నుంచి, ముందు కాళ్ళ దగ్గర చెయ్యి ఆనించి, అదే ఎక్కేదాకా ఆగాలి.

తిండి సంగతి కంటితో కాదు, తూకంతో తెలుసుకోండి. వంటింట్లో వాడే డిజిటల్ కాటా, ఒక గ్రాము దాకా చూపేది చాలు. వారానికోసారి, అదే రోజు, పొద్దున్నే తిండికి ముందు తూచి రాసిపెట్టండి. ఎక్కించడానికి బెదిరితే అది కూర్చున్న కొమ్మతో సహా కాటా మీద పెట్టి, కొమ్మ బరువు తీసెయ్యండి. పిల్ల వారం వారం బరువు పెరగాలి. పెరగకుండా ఆగిపోయినా, పెద్దది పదోవంతు బరువు కోల్పోయినా డాక్టరుకు చూపించాలి. ఎవరూ చూడనప్పుడే తినే పిరికి పిల్లలుంటాయి. లోతైన ప్లాస్టిక్ గిన్నెలో పురుగులు వేసి కొమ్మకు కట్టి గదిలోంచి వచ్చెయ్యండి.

ప్రశ్న: పాత చేపల తొట్టిలో పెంచుతున్నామండి. వీడియోలో చెప్పినట్టు రోజుకు ఐదుసార్లు నీళ్ళు చిమ్ముతున్నాం, బల్బు రోజంతా వెలుగుతుంది. నాలుగు రోజుల నుంచి ముక్కు పైకెత్తి నోరు తెరుస్తోంది, టిక్ టిక్‌మని చప్పుడు వస్తోంది. దాహమా? (అమలాపురం)

జవాబు: దాహం కాదు, ఇది శ్వాసకోశ వ్యాధి లక్షణం. ఈ ఉత్తరాల్లో అన్నిటికంటే తొందరగా కదలాల్సింది మీరే.

ఊసరవెల్లి మూడు కారణాలకు నోరు తెరుస్తుంది. బెదిరించేటప్పుడు మన వైపు తిరిగి, గొంతు ఉబ్బించి, కొన్ని క్షణాలే తెరుస్తుంది. వేడెక్కితే ఒళ్ళంతా పాలిపోయి నోరు కొద్దిగా తెరిచి ఉంచుతుంది, చల్లబరిస్తే మూసేస్తుంది. ఊపిరి ఆడకపోతే ముక్కు ఆకాశంలోకి ఎత్తి, నోటి మూలల్లో జిగురు తీగలతో, టిక్కుమనే చప్పుడుతో ఉంటుంది, చల్లబరిచినా తగ్గదు. దీనికి యాంటీబయాటిక్ కావాలి. ఏ మందు, ఎంత అన్నది బరువును బట్టి డాక్టరే తేల్చాలి. మనుషుల మాత్రలు, కోళ్ళ మందులు వెయ్యకండి. సరీసృపాలను చూసే పశువైద్యులు మన జిల్లాల్లో తక్కువ, అందుకే ముందు ఫోన్ చేసి అడగండి. గన్నవరంలో ఎన్.టి.ఆర్. పశువైద్య కళాశాల ఉంది. అక్కడ కూడా ముందే కనుక్కుని వెళ్ళడం మంచిది. మూత ఉన్న బుట్టలో అడ్డంగా ఒక పుల్ల బిగించి, ఎండ ఎక్కకముందే తీసుకెళ్ళండి. బోను ఫొటోలు, వేడి లెక్కలు, తూకాల కాగితం వెంట ఉండాలి.

ఇక కారణం. నాలుగు పక్కలా అద్దాలున్న తొట్టిలో గాలి కదలదు. పైన బల్బు, కింద తడి, మధ్యలో ఆగిపోయిన ఆవిరి. బూజుకూ బాక్టీరియాకూ ఇంతకంటే అనువైన చోటు దొరకదు. వాన ముసురులో మన గది గాలిలోనే తేమ ఎనభై శాతం దాటి ఉంటుంది, దానికి తోడు ఐదుసార్లు చిమ్మడం దేనికి?

పెద్ద ఊసరవెల్లికి రెండడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తున్న జాలీ బోను కావాలి. వడ్రంగి చేత చట్రం చేయించి అల్యూమినియం దోమల జాలీ కొట్టించుకోవచ్చు. నైలాన్ జాలీని తిండికి వేసే కీచురాళ్ళు కొరికేస్తాయి. ఆకుల మీద నీళ్ళు తెల్లవారుజామున ఒకసారి, దీపాలు ఆర్పాక ఒకసారి రెండేసి నిమిషాలు చిమ్మితే సరిపోతుంది. మధ్యాహ్నానికి ఆకులు పూర్తిగా ఆరిపోవాలి. ఆరకపోతే రాత్రిది మానెయ్యండి. తేమ కొలిచే చవకరకం హైగ్రోమీటరును నమ్మకుండా, ఆకు ముట్టుకుని చూడటమే మేలని మా అభిప్రాయం.

వేడి బల్బు కింది కొమ్మ దగ్గర మగదానికి 29 నుంచి 31 డిగ్రీలు, ఆడదానికి 27, 28 చాలు. కొలత కొమ్మ దగ్గర కాదు, కిరీటం వచ్చే ఎత్తులో తీయాలి, లేకపోతే తల కాలుతుంది. మిగతా బోను 24 నుంచి 27 మధ్య ఉంటే హాయి. మార్చి చివరి నుంచి జూన్ దాకా గదే 32 దాటుతుంది కాబట్టి ఆ బల్బు వెలిగించనే వద్దు. ఎముకలకు కావలసిన అతినీలలోహిత కిరణాలిచ్చే యూవీబీ ట్యూబు మాత్రం మామూలుగా పన్నెండు గంటలు వెలగాలి. 35 దాటితే ప్రాణం మీదకి వస్తుంది. రేకుల షెడ్డు, ఎండ తగిలే పై అంతస్తు గది వద్దు. కింది అంతస్తులో ఉత్తరపు గది మంచిది. టేబుల్ ఫ్యాను గోడ వైపు తిప్పి పెడితే గదిలో గాలి ఆడుతుంది, సూటిగా దాని మీద కొట్టదు. నీళ్ళ కూలరు తేమను మరింత పెంచుతుంది, పెట్టకండి. ఏసీ ఉంటే రాత్రి 24 దగ్గర పెట్టుకోవచ్చు, గాలి సూటిగా తగలకుండా.

ఒక మాట అందరికీ. ఆ గదిలో దోమల కాయిల్, అగరొత్తులు, బొద్దింకల స్ప్రే, ప్లగ్గులో పెట్టే దోమల మందు ఏవీ వద్దు. కాయిల్ పొగ దాని ఊపిరితిత్తులకు హాని చేస్తుంది, పురుగుల మందు సరీసృపాలకు విషం. బోను మీద దోమతెర కప్పుకోండి. వీధిలో పంచాయతీ వాళ్ళు ఫాగింగ్‌కి వచ్చే సాయంత్రం కిటికీలు మూసి, పొగ పోయాక తెరవండి.

ప్రశ్న: గిన్నెలో నీళ్ళు పెడితే ముట్టదు. రెట్టలో తెల్లగా ఉండే భాగం ఈమధ్య నారింజ రంగులో వస్తోంది. (తణుకు)

జవాబు: నిలిచిన నీటిని అది నీరుగా గుర్తించదు. ఆకు మీద మెరిసే చుక్కను, కదిలే బొట్టునే తాగుతుంది. నారింజ రంగంటే ఒంట్లో నీరు చాలడం లేదని. ఆ గట్టి భాగం మూత్రమే. అది తెల్లగా, కొస మాత్రం కాస్త పసుపుగా ఉంటే ఫరవాలేదు. కళ్ళు గుంటలు పడ్డాయేమో కూడా చూడండి.

మందుల షాపులో సెలైన్ సెట్ కొత్తది కొనండి. నీళ్ళ సీసా బోను పైన తలకిందులుగా కట్టి, గొట్టం చివర మందార ఆకు మీదకు వచ్చేలా పెట్టి, చక్రం తిప్పి సెకనుకో చుక్క పడేలా చూడండి. మధ్యాహ్నం అరగంట చాలు. కింద బకెట్టు పెట్టి ఆ నీరు పారబోయాలి. గొట్టం వారానికోసారి వేడినీళ్ళతో కడగకపోతే లోపల పాచి పడుతుంది. తీరప్రాంతపు బోరు నీరు ఉప్పగా ఉంటుంది కాబట్టి మీరు తాగే నీళ్ళే వాడండి. నోట్లోకి సిరంజితో బలవంతంగా పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది, ఆ పని చెయ్యకండి. మూడు రోజుల్లో రంగు తెలుపు తిరగకపోతే మూత్రపిండాలు చూపించుకోవాలి.

ప్రశ్న: మా చేల గట్ల మీద మిడతలు కావలసినన్ని. రోజూ పట్టి వేస్తే కొనే ఖర్చు తప్పుతుంది కదండీ? (పాలకొల్లు)

జవాబు: వద్దండి. వరిచేలో మిడత ఒంట్లో ఏ మందు ఉందో మీకూ తెలియదు, పక్క చేను రైతు నిన్న ఏం కొట్టాడో అసలే తెలియదు. చావకుండా తప్పించుకున్న మిడత కూడా ఊసరవెల్లికి చాలినంత విషం మోస్తుంది. ఇంట్లో బొద్దింకలు, దీపం పురుగులు, మిణుగురులు, బల్లి పిల్లలు కూడా పనికిరావు.

కీచురాళ్ళను ఇంట్లోనే పెంచుకోండి. వెచ్చదనం కోసం వేరే దేశాల వాళ్ళు కరెంటు ఖర్చు పెట్టాలి, మనకు ఆ బెడద లేదు. యాభై లీటర్ల ప్లాస్టిక్ డబ్బా, మూతకు పెద్ద కిటికీ కోసి ఇనుప జాలీ, లోపల నిలువుగా గుడ్ల అట్టలు. గుడ్లు పెట్టడానికి చిన్న గిన్నెలో తడిపిన కొబ్బరి పొట్టు రెండంగుళాల మందాన వేయాలి. మూడు రోజులయ్యాక ఆ గిన్నె వేరే డబ్బాలోకి మార్చండి. 30 డిగ్రీల దగ్గర పది రోజులకు అటూ ఇటూగా పిల్లలు వస్తాయి, ఆరు నుంచి ఎనిమిది వారాల్లో పెద్దవవుతాయి. మూకుమ్మడిగా చస్తున్నాయంటే లోపల తడి ఎక్కువైందని. నీటి గిన్నె బదులు క్యారెట్ ముక్క వేయండి. డబ్బాను నీళ్ళు పోసిన పళ్ళెంలో నిలిపితే చీమలు రావు.

పురుగు తిన్నదే ఊసరవెల్లి తిన్నట్టు. వేసేముందు ఒక రోజంతా వాటికి మునగాకు, గుమ్మడి, క్యారెట్ పెట్టండి. పాలకూర, తోటకూరల్లో ఆక్సలేట్లు కాల్షియాన్ని పట్టేస్తాయి, అవి వద్దు. పురుగు పొడవు ఊసరవెల్లి రెండు కళ్ళ మధ్య వెడల్పును మించకూడదు. ఆరు నెలలలోపు పిల్లకు రోజూ, పావుగంటలో తినగలిగినన్ని. ఏడాది దాటినదానికి రోజు విడిచి రోజు నాలుగైదు చాలు, జాలిపడి ఎక్కువ పెడితే కాలేయానికి కొవ్వు పడుతుంది. మిగిలిన కీచురాళ్ళను రాత్రి బోనులో వదలకండి, నిద్రపోయే ఊసరవెల్లి చర్మాన్ని కొరుకుతాయి.

ప్రతిసారీ పురుగుల మీద విటమిన్ డి3 లేని కాల్షియం పొడి పలచగా చల్లాలి. డి3, విటమిన్ ఎ ఉన్న మల్టీవిటమిన్ పదిహేను రోజులకోసారి, అంతే. పొడి దొరక్కపోతే పక్షులకు అమ్మే కటిల్ బోన్ కడిగి, ఆరబెట్టి, పిండిలా నూరుకోవచ్చు. తమలపాకు సున్నం మాత్రం ఎవరు చెప్పినా వాడకండి, నోరు, గొంతు కాలిపోతాయి. మనుషుల కాల్షియం మాత్రల్లో చాలావాటికి డి3 కలిసి ఉంటుంది, అది పేరుకుంటే మూత్రపిండాలు గట్టిపడతాయి.

ఈ జాతి ఆకులూ తింటుంది. బోనులో మందు కొట్టని మందారం పెట్టండి, పువ్వూ తింటుంది. గన్నేరు, జిల్లేడు, ఉమ్మెత్త దరిదాపుల్లో ఉండకూడదు.

ప్రశ్న: కాళ్ళు వంగిపోయాయి, నాలుక విసిరినా పురుగు అందడం లేదు. కిటికీ దగ్గర రోజూ ఎండ తగిలేలా ఉంచాం కదా, ఎందుకిలా? (రాజమహేంద్రవరం)

జవాబు: కిటికీ అద్దం యూవీబీ కిరణాలను దాదాపు పూర్తిగా ఆపేస్తుంది. వేడి వస్తుంది, వెలుతురు వస్తుంది, ఎముకకు కావలసింది రాదు. ఆ కిరణాలు లేకపోతే ఒంట్లో డి3 తయారుకాదు, డి3 లేకపోతే తిన్న కాల్షియం పనికిరాదు. అప్పుడు ఒళ్ళు సొంత ఎముకల్లోంచే కాల్షియం లాక్కుంటుంది. మోచేతులు వంగడం, దవడ మెత్తబడటం, పట్టు జారడం, నాలుక బలం తగ్గడం అందులోంచి వచ్చినవే. నాలుక కండరం పనిచేయడానికీ కాల్షియం కావాలి.

వంగిన ఎముక తిన్నగా కాదు, కానీ ఇప్పుడు పట్టుకుంటే అక్కడితో ఆగుతుంది. డాక్టరు ఎక్స్‌రే తీసి, నోటి ద్వారా ఇచ్చే కాల్షియం మోతాదు చెబుతారు. ఈలోగా కొమ్మల ఎత్తు తగ్గించి, కింద మెత్తని గుడ్డ పరవండి. పడితే ఎముక విరుగుతుంది. పురుగుల్ని నాలుక విసరక్కర్లేకుండా పట్టకారతో నోటి దగ్గర పెట్టండి.

టీ5 హెచ్‌ఓ రకం ట్యూబు, 5.0 లేదా 6 శాతం అని రాసి ఉన్నది తీసుకోండి. జాలీ పైన పెడితే కొమ్మ మీద వీపుకు 20 నుంచి 25 సెంటీమీటర్ల దూరం ఉండాలి. జాలీయే మూడోవంతు దాకా కిరణాల్ని ఆపుతుంది. వెలుగుతూనే ఉన్నా ఏడాదికి దాని బలం పోతుంది, కొన్న తేదీ స్కెచ్ పెన్నుతో దాని మీదే రాయండి. నిజమైన ఎండ ఇంకా మంచిది. శీతాకాలంలో ఎనిమిది, తొమ్మిది గంటల మధ్య అరగంట, వారానికి రెండు, మూడుసార్లు జాలీ బోనులో పెట్టి, సగం బోనుకు నీడ ఉంచి, పక్కనే ఉండండి. కాకులకూ పిల్లులకూ క్షణం చాలు.

ప్రశ్న: మాది ఆడది, తొమ్మిది నెలలు. మగదాన్ని ఎప్పుడూ చూడలేదు. పొట్ట ఉబ్బి, తిండి మానేసి, బోను అడుగున గోళ్ళతో గీరుతోంది. (కాకినాడ)

జవాబు: గుడ్లు పెట్టబోతోంది. కోడిపెట్టలాగే మగతోడు లేకుండానే గుడ్లు పెడుతుంది, వాటిలో పిల్లలు రావు. ఈరోజే చోటు సిద్ధం చేయండి. తగిన మట్టి దొరక్క గుడ్లు లోపలే బిగుసుకుని చనిపోయే ఆడవి ఎక్కువ, అది తప్పించగలిగే చావు.

అడుగు లోతు, అడుగు వెడల్పున్న బకెట్టు చాలు. కడిగిన గోదావరి ఇసుకలో మూడోవంతు కొబ్బరి పొట్టు కలిపి నింపండి. బీచి ఇసుక ఉప్పగా ఉంటుంది, వద్దు. వేలు లోపలికి గుచ్చి తీస్తే ఆ సొరంగం కూలకుండా నిలబడేంత తడి ఉండాలి, పిండితే నీరు కారకూడదు. బోనుకు చుట్టూ గుడ్డ కప్పి వదిలెయ్యండి. తవ్వేటప్పుడు మనిషి కనబడితే మధ్యలో మానేస్తుంది, ఇంకోసారి మొదలుపెట్టకపోవచ్చు. ఒకటి, రెండు రోజులు తవ్వి, పెట్టి, పూడ్చి, నీరసంగా పైకి వస్తుంది. అప్పుడు నీరు, కాల్షియం చల్లిన పురుగులు బాగా ఇవ్వాలి.

అక్కడక్కడా తవ్వి వదిలేస్తూ మూడో రోజుకు చేరినా, అడుగునే కళ్ళు మూసుకుని పడుకున్నా, కాళ్ళు పట్టు తప్పినా రాత్రయినా సరే డాక్టరు దగ్గరికి బయలుదేరండి. ఇంజక్షన్లతో కాకపోతే ఆపరేషనే.

ఇకముందు రోజు విడిచి రోజు మూడు పురుగులకు మించి పెట్టకండి, వేడి 28 దాటనివ్వకండి. గుడ్ల సంఖ్య తగ్గుతుంది, విడతల మధ్య ఎడం పెరుగుతుంది, ఆయుష్షు పెరుగుతుంది.

ప్రశ్న: ఒంటరిగా దిగులు పడుతోందేమో, ఇంకోటి తేవచ్చా? (నరసాపురం)

జవాబు: ఒకే బోనులో ఎప్పుడూ వద్దు. దానికి తోడు అక్కర్లేదు, ఇంకో ఊసరవెల్లి కనబడటమే పోరు. రెండో బోను పెట్టినా ఒకదానికొకటి కనబడకూడదు.

ప్రశ్న: మా జీడిమామిడి తోటలో ఊసరవెల్లి దొరికిందండి. దీన్నే పెంచుకుంటే సరిపోదా? విషం ఉంటుందని చంపబోయారు, ఆపాను. (రాజోలు)

జవాబు: మీరు ఆపినందుకు చాలా సంతోషం. దానికి విషం లేదు. కరిచినా పైపైనే, సబ్బుతో కడుక్కుంటే చాలు. తొండ కాదని కూడా తేల్చుకోండి. ఊసరవెల్లికి పాదాల వేళ్ళు రెండు, మూడుగా కలిసి పట్టకారలా ఉంటాయి, కళ్ళు వేటికవే తిరుగుతాయి, తోక చుట్టుకుంటుంది. తొండకు ఇవేవీ ఉండవు.

మన దేశపు ఊసరవెల్లికి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉంది. పట్టడం, పెంచడం, అమ్మడం అన్నీ నేరమే. విదేశీ జాతిదైనా ఊరికే కొనెయ్యడానికి లేదు. యెమెన్ ఊసరవెల్లి సైట్స్ (అంతరించే ప్రమాదమున్న జీవుల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ) ఒప్పందం రెండో అనుబంధంలో ఉంది. 2024లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం అలాంటి జీవులున్నవాళ్ళు కేంద్ర పర్యావరణ శాఖ వెబ్‌సైటు అయిన పరివేష్ 2.0 పోర్టల్‌లో నమోదు చేయించుకోవాలి, చేతులు మారినా, పిల్లలు పుట్టినా, చనిపోయినా తెలపాలి. అమ్మేవాడు కాగితాలు చూపకపోతే కొనవద్దు, అది అడవిలో పట్టి తెచ్చినదైనా కావచ్చు.

మీకు దొరికినదానికి గాయం ఉంటే అట్టపెట్టెలో కన్నాలు పెట్టి, ఒక పుల్ల వేసి, తిండీ నీరూ బలవంతం చేయకుండా అటవీ శాఖ వాళ్ళకు కబురు చేయండి. గాయం లేకపోతే ఎక్కడ దొరికిందో అక్కడే, పొద్దున పూట, గుబురుగా ఉన్న కొమ్మకు దాని ముందు కాళ్ళు అందించి వదలండి. ఆ పక్కన ఆ వారం మందు కొట్టించకుండా ఉంటే మరీ మంచిది.